కాలేజీలు చూడబోతే బలుసు పొద కనిపించింది

మార్చి చివర్లో పాప పన్నెండో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఫలితాలు మేలో గానీ రావు. అప్పటికి కాలేజీలకు సెలవులిచ్చేస్తారు, వెళ్తే ఖాళీ గదులు చూసి రావాలి. అందుకే ఆఖరి పరీక్ష రాసొచ్చిన మూడో రోజే ఇద్దరం బయల్దేరాం.

దానికి బాటనీ కావాలి. పదో తరగతి నుంచీ అదే మాట. ఎందుకైనా మంచిది, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి కూడా ఒక దరఖాస్తు పడేసి ఉంచుదామన్నారు మా ఆయన. "వద్దు నాన్నా, సీటొస్తే మీకు వదులుకోబుద్ధి కాదు" అంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఇక్కడ చెన్నైలో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పని ఆయనది. ఈ విషయంలో పిల్ల కన్నా నాకే ఎక్కువ భయంగా ఉండింది, ఎందుకంటే నా చదువు గూడూరులో ఇంటర్‌తో ఆగిపోయింది. కాలేజీ లోపల ఏం చూడాలో చెప్పేవాళ్ళు మా ఇంట్లో లేరు. ఒక నోటుపుస్తకంలో అడగాల్సినవి రాసుకున్నాను: ఫీజు, రైలు, బాత్రూములు, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, పార్ట్ వన్‌లో, అంటే డిగ్రీలో భాష సబ్జెక్టుగా, తెలుగు తీసుకోవచ్చా.

ఆ చివరిది నా కోరిక. తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. పాప తమిళం చక్కగా రాస్తుంది, తెలుగు మాత్రం ఇంట్లో మాట్లాడ్డం వరకే. చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది.

మొదట క్వీన్ మేరీస్. పెరంబూరులో లోకల్ ఎక్కి సెంట్రల్లో దిగి, పార్క్ టౌన్‌లో ఎంఆర్‌టీఎస్ రైలు పట్టుకుని లైట్‌హౌస్ స్టేషన్లో దిగాం. దారి పొడుగునా పాప నాకు బాటనీ శాస్త్రవేత్త జానకి అమ్మాళ్ కథ చెప్పింది. ఆవిడ 1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టింది. చదువు కోసం మద్రాసొచ్చి ఈ క్వీన్ మేరీస్‌లోనే చేరింది. 1921లో ప్రెసిడెన్సీ కాలేజీలో బాటనీ ఆనర్స్ పూర్తి చేసింది. విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పింది. అక్కణ్ణుంచి అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీకి వెళ్ళి డాక్టరేట్ తెచ్చుకుంది. కోయంబత్తూరులో చెరకు మీద పరిశోధన చేసింది. ఎనభై ఏళ్ళు దాటినా పని మానలేదు. 1984లో పోయేనాటికి మదురవాయల్‌లో మద్రాసు యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన కేంద్రంలో పని చేస్తూనే ఉంది. "మనం చూడబోయే నాలుగు కాలేజీల్లో మూడింట్లో ఆవిడ తిరిగిందమ్మా" అంది. మదురవాయల్ మీదుగా నేను ఎన్నిసార్లు బస్సులో పోయానో! ఈ పేరు ఒక్కరూ నాతో అనలేదు.

క్వీన్ మేరీస్ 1914లో మొదలైంది. గేటుకెదురుగా రోడ్డు, రోడ్డు దాటితే మెరీనా ఇసుక. 2003లో దీన్ని పడగొట్టి కొత్త సచివాలయం కడతామన్నప్పుడు విద్యార్థినులు ఒప్పుకోక పోరాడారు. అప్పుడు నేను కొత్తగా కాపురానికొచ్చాను, పక్కింటి టీవీలో చూశాను. ఆ పిల్లల అరుపులు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. ఇప్పుడు అదే ఆవరణలో నా కూతురు నిలబడింది. వరండాలో ముగ్గురు అమ్మాయిలు మాతో మాట్లాడారు. వాళ్ళల్లో ఇద్దరు తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళు. ప్రభుత్వ కాలేజీ గనక ఫీజుకు భయపడక్కర్లేదు. నా నోటుపుస్తకం ప్రకారం వెతుకులాట అక్కడికి అయిపోవాలి.

ప్రెసిడెన్సీ దగ్గరే కదా అని అదే రోజు వెళ్ళాం. 1840 నాటి కాలేజీ, సి.వి. రామన్, చంద్రశేఖర్ చదివిన చోటు. నాకు ఎండకు తల తిరగడంతో తొందరగా వచ్చేశాం.

మధ్యలో చుట్టాల బలవంతం మీద ఊరి బయట ఒక పెద్ద ప్రైవేటు యూనివర్సిటీకి కూడా వెళ్ళాం. పేరు అనవసరం. చల్లటి హాల్లో కూర్చోబెట్టి, ఉద్యోగాల లెక్కలు చూపించి, పాప ఫోన్ నంబరు, నా నంబరు, వాళ్ళ నాన్న నంబరు రాసుకున్నారు. ల్యాబ్ చూడొచ్చా అని పాప రెండుసార్లు అడిగింది. అడ్మిషన్ అయ్యాక చూపిస్తామన్నారు. మూడేళ్ళ చదువు ఎక్కడ జరుగుతుందో చూపించకుండా డబ్బు కట్టమనడం నాకు న్యాయమనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు. ఆ ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

తర్వాతి వారం కాలేజీ రోడ్డులో విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ. 1915లో పెట్టారు. నుంగంబాక్కం స్టేషన్ నుంచి ఆటోలో వెళ్ళాం. ఒక మేడం దొరికింది. నేను మార్కుల సంగతి ఎత్తబోతుంటే ఆవిడ పాప వైపు తిరిగి, "నీకు ఏ చెట్టంటే ఇష్టం?" అని తమిళంలో అడిగింది. పాప కానుగ అంది. ఎందుకంది ఆవిడ. మా వీధి చివర కానుగ ఎండాకాలం ముందు ఆకు మొత్తం రాల్చేసి, మనం చూస్తుండగానే చిగురేస్తుందని, ఆ చిగురు మీద పురుగులు పెట్టే బుడిపెలు రెండేళ్ళుగా ఫొటోలు తీస్తున్నానని చెప్పింది. రెండేళ్ళుగా! ఇంట్లో ఉండే నాకే తెలియదు. ఆవిడ ఫోన్ తీసుకుని ఆ ఫొటోలు ఒక్కొక్కటే చూసింది. నేను నోటుపుస్తకం సంచిలో పెట్టేశాను.

దాన్నే మళ్ళీ ఆఫీసులో తియ్యాల్సి వచ్చింది, అదీ మంచికే. నాలాంటి అమ్మలకు ఇది చెప్పాలి. ఒకే కాలేజీలో ఎయిడెడ్ అని, సెల్ఫ్ ఫైనాన్స్ అని రెండు విభాగాలుంటాయి. ఎయిడెడ్‌లో టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, ఫీజు తక్కువ. సెల్ఫ్ ఫైనాన్స్‌లో ఖర్చంతా ఫీజుల్లోంచే రావాలి, అందుకని ఎక్కువ. చాలా చోట్ల పొద్దున షిఫ్టు ఒకటి, మధ్యాహ్నం షిఫ్టు ఒకటి. మన సబ్జెక్టు ఏ విభాగంలో ఉందో, ఏ షిఫ్టో దరఖాస్తు వెయ్యకముందే అడగండి. మధ్యాహ్నం షిఫ్టయితే పిల్ల ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది.

ఇక తాంబరం. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. రాధాకృష్ణన్ అక్కడే చదివారని మా నాన్న గొప్పగా చెప్పేవాడు. రాధాకృష్ణన్ చదివింది జార్జిటౌన్‌లో ఉన్నప్పటి కాలేజీలో. తాంబరానికి మారింది 1937లో. మూడొందల అరవై అయిదు ఎకరాలు, అందులో చాలా భాగం అడివే. ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాం. బాటనీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె మాకు తోడొచ్చింది.

చెట్ల కింద దారిలో నడుస్తూ పాప ఒకచోట ఆగి, వంగి, ముళ్ళ పొద ఒకదాన్ని పట్టుకుని చూసింది. "కాంథియం" అని శాస్త్రీయ నామం చెప్పింది. "కారై" అని తమిళంలో అంది ఆ అమ్మాయి. నేను దగ్గరికెళ్ళి చూస్తే, ఎదురెదురుగా ముళ్ళు, జతలు జతలుగా చిన్న ఆకులు. "బలుసే ఇది!" అన్నాను. గొంతు అంత పెద్దగా వస్తుందనుకోలేదు. మా ఊరి చెరువు కట్ట మీద మా అమ్మమ్మ ముళ్ళు తప్పించి బలుసాకు కోసి కొంగులో పోసుకునేది, పప్పులో వేసేది. బతికుంటే బలుసాకు తినవచ్చునని మన పెద్దలన్నది దీన్ని గురించే అని చెప్పాను. పాప ఆ సామెత ఎన్నోసార్లు నా నోటే వింది, బలుసాకంటే ఏదో ఉత్త మాట అనుకుందట. ఆ అమ్మాయి సంచిలోంచి పుస్తకం తీసి, "ఆంటీ, మళ్ళీ చెప్పండి" అని తమిళ అక్షరాల్లో 'బలుసు' అని రాసుకుంది. ముగ్గురం ఆ పొద పక్కనే చాలాసేపు నిలబడిపోయాం. పండు ఎలా ఉంటుంది, తింటారా, దీంతో మందు చేస్తారా అని వాళ్ళిద్దరూ అడుగుతున్నారు, నేను చెప్తున్నాను. నా జన్మలో ఒక కాలేజీలో నిలబడి నాకు తెలిసింది ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి.

పాప మనసు అక్కడే నిలిచిపోయింది. దారి దూరం, అదే కష్టం. ఒక సోమవారం కాలేజీకి వెళ్తున్నట్టే పొద్దున ఏడుకు ఇంట్లోంచి బయల్దేరి చూశాం. పెరంబూరు, సెంట్రల్, సబ్‌వే దాటి పార్క్ స్టేషన్, తాంబరం లోకల్. గుమ్మం నుంచి గేటుకు గంటా నలభై నిమిషాలు. ఆడవాళ్ళ పెట్టెలో మాంబళం దాకా నిలబడే ఉన్నాం. హాస్టల్ అంటే మా ఆయన ఒప్పుకోవడం లేదు. నేను ఏ పక్కా మొగ్గలేకపోతున్నాను. రోజుకు మూడు గంటలు రైల్లో పోతే అది చెట్లెప్పుడు చూస్తుంది? ఇంటికి దూరమైతే నేను దాన్నెప్పుడు చూస్తాను? నాలుగింటికీ దరఖాస్తులు వేస్తాం, మార్కులొచ్చాక కూర్చుని మాట్లాడుకుంటాం.

పార్ట్ వన్‌లో తెలుగు సంగతి తాంబరంలో అడగడం మర్చిపోయాను. పాపే ఇంటికొచ్చి ఒక కొత్త పుస్తకం నా ముందు పెట్టి, మీ ఊళ్ళో చెట్ల పేర్లన్నీ తెలుగులో రాసివ్వు, నేను చదువుకుంటానంది. రోజూ రాత్రి అన్నాలయ్యాక రాస్తున్నాను. బలుసు, వాక, ఉత్తరేణి, తుమ్మి, పల్లేరు, నల్లేరు, బూరుగ. అది వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, పక్కన శాస్త్రీయ నామం రాసుకుంటుంది. ఇరవై ఆరు పేర్లయ్యాయి. మోకాలు చెక్కుకుపోతే అమ్మమ్మ నలిపి పసరు పిండే ఆకు ఒకటుంది, దాని పేరు దగ్గర ఆగిపోయాం. నేల మీద పాకుతుంది, సన్నటి కాడ చివర చిన్న పువ్వు. గూడూరులో పిన్నికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. సాయంత్రం మళ్ళీ చెయ్యాలి.