స్మార్ట్ బల్బు రకాన్ని లైబ్రరీలో సరిగ్గా గుర్తించడం: నా అనుభవం

వైఫైతో నడిచే విజ్ కంపెనీ స్మార్ట్ బల్బుల రకం గుర్తించే లైబ్రరీ కోడ్‌ను రెండుసార్లు రాయాల్సి వచ్చింది. మొదటిసారి గెట్‌పైలట్ (బల్బు ఇప్పుడు ఎలా వెలుగుతోందో అడిగే ఆదేశం) జవాబు మీద ఆధారపడ్డాను: ఆర్, జీ, బీ విలువలు ఉంటే రంగుల బల్బు, టెంప్ (తెలుపు ఛాయ) మాత్రమే ఉంటే తెల్లది. చూడటానికి బాగానే ఉంది కానీ పూర్తిగా తప్పు. రంగుల బల్బు తెల్లగా వెలుగుతున్నప్పుడు అది కూడా ఆర్, జీ, బీ లేకుండా టెంప్, డిమ్మింగ్ (వెలుగు స్థాయి) పంపుతుంది. సీన్ (ముందే అమర్చిన వెలుగు పద్ధతి) నడుస్తుంటే దాని నంబరును సీన్‌ఐడీగా పంపుతుంది. స్క్రిప్ట్‌ను ఏ క్షణంలో నడిపామన్నదాన్ని బట్టి అదే బల్బు రకం మారిపోయేది.

అడగాల్సింది బల్బు వివరాలు చెప్పే గెట్‌సిస్టమ్‌కాన్ఫిగ్‌ను. యూడీపీ (చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్లు పంపే నెట్‌వర్క్ పద్ధతి) 38899 పోర్టుకు ఈ ఆదేశాన్ని జేసన్ రూపంలో పంపితే మ్యాక్ (పరికరం మారని నెట్‌వర్క్ చిరునామా), ఫర్మ్‌వేర్ (బల్బు లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్‌తో పాటు మాడ్యూల్ పేరు వస్తుంది, ఉదాహరణకు: ఈఎస్‌పీ01_ఎస్‌హెచ్‌ఆర్‌జీబీ1సీ_31. అండర్‌స్కోర్ల దగ్గర విడగొట్టి మధ్య ముక్క చూడాలి. ఎస్‌హెచ్ అంటే ఒకే హెడ్ (వెలుగునిచ్చే భాగం), డీహెచ్ అంటే రెండు. ఆ తర్వాత ఆర్‌జీబీ ఉంటే రంగులు. టీడబ్ల్యూ ఉంటే పసుపు ఛాయ తెలుపు నుంచి నీలి ఛాయ తెలుపు దాకా మార్చుకోవచ్చు. డీడబ్ల్యూ ఉంటే వెలుగు పెంచడం, తగ్గించడం వరకే.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చివర్లో ‘ఇవేవీ కాకపోతే డీడబ్ల్యూ’ అని రాయకండి. సాకెట్ అనే మాడ్యూల్ (స్మార్ట్ ప్లగ్) కూడా ఇదే ప్రొటోకాల్‌లో జవాబిస్తుంది, అప్పుడు ప్లగ్‌కు బ్రైట్‌నెస్ స్లైడర్ వచ్చి కూర్చుంటుంది. తెలియని పేరు వస్తే ఎర్రర్ ఇచ్చి, ఆ పేరును ఉన్నదున్నట్టు లాగ్‌లో రాయాలి.

కెల్విన్ రేంజ్‌ను (తెలుపు ఛాయ ఎంత నుంచి ఎంత దాకా మారుతుందో చెప్పే అంకెలు) పేరును బట్టి ఊహించకూడదు. కొత్త ఫర్మ్‌వేర్‌లో గెట్‌మోడల్‌కాన్ఫిగ్ అడిగితే సీసీటీరేంజ్‌లో 2200, 2700, 6500, 6500 లాంటి నాలుగు అంకెలు వస్తాయి. అన్నిటికన్నా చిన్నదీ పెద్దదీ తీసుకుంటే చాలు. పాత ఫర్మ్‌వేర్‌కు ఆ మెథడ్ తెలియదు, -32601 ఎర్రర్ (అలాంటి మెథడ్ లేదు) ఇస్తుంది. అప్పుడు గెట్‌యూజర్‌కాన్ఫిగ్‌లో ఎక్స్‌ట్‌రేంజ్ చూడాలి. నన్ను ఎక్కువ సతాయించింది ఈ మలుపే: టైమ్‌అవుట్‌నూ (జవాబే రాకపోవడం) ఈ ఎర్రర్‌నూ కోడ్‌లో ఒకే ఎక్సెప్ట్‌లో పట్టాను. యూడీపీలో ప్యాకెట్ పోవడం మామూలే. వైఫై బలహీనంగా ఉన్న గదిలో ఒక్క ప్యాకెట్ పోతే కొత్త బల్బు కాస్తా పాతదాని లెక్కలోకి పోయేది. టైమ్‌అవుట్ వస్తే మళ్లీ పంపాలి. -32601 వస్తేనే పాత దారి పట్టాలి.

ఏ బల్బు ఏదో గుర్తుపట్టడానికి ఐపీ వాడొద్దు, రౌటర్ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ దాన్ని మార్చేయగలదు. మ్యాక్ వాడాలి. బల్బు దాన్ని కోలన్లు లేకుండా 12 అక్షరాలుగా ఇస్తుంది, రౌటర్ కోలన్లతో చూపిస్తుంది. రెండిటినీ ఒకే రూపంలోకి తేకపోతే ఒకే బల్బు జాబితాలో రెండుసార్లు కనిపిస్తుంది.

టెస్టులకు నిజమైన బల్బు జవాబులను ముడిగా ఫైళ్లలో దాచి వాడుతున్నాను. ప్రతి ఆర్‌జీబీ మాడ్యూల్‌కు మూడు ఫైళ్లు: తెలుపు, రంగు, సీన్. మూడిట్లోనూ రకం ఒకటే రావాలి.