ఎక్స్‌టీ-ఐడీఈ కార్డులు కలిసి తెప్పించుకున్నాం: కస్టమ్స్ దగ్గర నా అనుభవం

చివరి పార్సిల్ నిన్ననే స్పీడ్ పోస్టులో వేశాను. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి, వివరాలు మరిచిపోకముందే రాసేస్తున్నాను.

బెంగళూరులో పాత పీసీలు బాగుచేసుకునే మన తెలుగువాళ్ళం, అనంతపురం, తిరుపతి, హైదరాబాదు నుంచి మరికొందరం కలిసి నలభై ఎక్స్‌టీ-ఐడీఈ కార్డులు చేయించుకున్నాం. ఎనభైల నాటి పీసీ-ఎక్స్‌టీ క్లోన్లలో (ఐబీఎం ఎక్స్‌టీని పోలిన పీసీలు) ఉండే ఎంఎఫ్‌ఎం అనే పాత రకం హార్డ్ డిస్కులు చాలావరకు చచ్చిపోయాయి, బతికున్నవాటిని నమ్మలేం. ఆ పీసీల 8-బిట్ ఐసా స్లాట్‌లో (అదనపు కార్డులు గుచ్చే చోటు) ఈ కార్డు పెడితే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డే హార్డ్ డిస్కులా పనిచేస్తుంది. డిజైన్ అందరికీ తెరిచి ఉన్నదే. దానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్, ఎక్స్‌టీఐడీఈ యూనివర్సల్ బయోస్ కూడా ఉచితమే.

డబ్బు వసూలు తేలిగ్గానే అయింది, ఎందుకంటే మొదటి రోజే ఒక నియమం పెట్టాను: యూపీఐలో డబ్బు పడితేనే జాబితాలో పేరు. "నాకూ ఒకటి పెట్టు అన్నా, తర్వాత ఇస్తాను" అనేవాళ్ళను చేర్చుకోవద్దు. ఆర్డరు వెళ్ళాక వాళ్ళు ఫోన్ ఎత్తరు. ఈ లెక్కకు వేరే బ్యాంకు ఖాతా వాడండి. బోర్డు, చిప్పులు, కొరియర్, పన్ను అన్నీ కలిపి వచ్చిన మొత్తం మీద పది శాతం ఎక్కువ తీసుకోండి. మిగిలితే తిరిగి ఇవ్వొచ్చు, తక్కువైతే మళ్ళీ ఎవరూ ఇవ్వరు.

నలభైమందికి యాభై బోర్డులు ఆర్డరిచ్చాను. ఆ సంఖ్యలో పది ఎక్కువైతే ధరలో పెద్ద తేడా రాదు. ఫ్యాక్టరీకి చెప్పాల్సినవి: మందం 1.6 మిల్లీమీటర్లు, రెండు లేయర్లు, ఐసా స్లాట్‌లో దిగే అంచుకు బెవెల్ (ఏటవాలు కోత), పైపూత బంగారు ఎనిగ్. హెచ్‌ఏఎస్‌ఎల్ (కరిగిన సాల్డర్ పూత) చవక అని ఆశపడొద్దు. దాని పూత ఎగుడుదిగుడుగా ఉంటుంది, స్లాట్ లోపలి స్ప్రింగులను గీకుతుంది. ముప్పై ఏళ్ళు దాటిన మదర్‌బోర్డు స్లాటు పాడైతే మళ్ళీ ఎక్కడ తెస్తాం? ఆ అంచుకు ఒక్కో వైపు 31 లోహపు పట్టీలు, మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. పట్టీల మధ్య సాల్డర్ మాస్క్ (బోర్డు మీది పచ్చటి రక్షణ పూత) ఉండకూడదని కూడా విడిగా రాయండి.

దిగుమతికి కావాల్సిన ఐఈసీ నంబరు తెచ్చుకోవడం సులభం. విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ సైట్‌లో పాన్, రద్దు చేసిన చెక్కు, 500 రూపాయలు, అంతే. కాకపోతే ప్రతి ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు మారకపోయినా అప్‌డేట్ చేయాలి, లేకపోతే ఆ నంబరు ఆగిపోతుంది.

ఇక కస్టమ్స్.

ఒకే రకం బోర్డులు యాభై వస్తే సొంత వాడకానికి అంటే ఎవరూ ఒప్పుకోరు. సొంత వాడకానికి ఉన్న కస్టమ్స్ సుంకం శీర్షిక 9804లో సుంకం కూడా ఎక్కువే. ఐఈసీ మీద 8534 శీర్షికలో ఖాళీ సర్క్యూట్ బోర్డులుగా తెస్తే బేసిక్ సుంకం సున్నా, 18 శాతం ఐజీఎస్‌టీ మాత్రం కట్టాలి. అది కూడా బోర్డుల ధర మీదే కాదు, విమాన రవాణా, ఇన్సూరెన్సు కలిపిన మొత్తం మీద. మాలో ఒకాయన "గిఫ్ట్ అని రాయించేద్దాం" అన్నాడు. 2019 డిసెంబరు నుంచి గిఫ్టు పేరుతో పన్ను కట్టకుండా కొరియర్లో సరుకు తెప్పించడమే నిషేధం. రాఖీలకు, ప్రాణాలు కాపాడే మందులకు మాత్రమే మినహాయింపు. పన్ను కట్టడానికి సిద్ధపడి, కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకున్న మనిషిని వాళ్ళు ఎలా చూశారో ఇక చదవండి.

సరుకు బెంగళూరులో దిగింది. కొరియర్ కంపెనీ క్లియరెన్స్ డెస్క్ నుంచి మెయిల్: వస్తువులు వాడినవిగా కనిపిస్తున్నాయి, చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్, దిగుమతి అనుమతి పంపండి. కారణం ఏమిటంటే, ఫ్యాక్టరీ వాళ్ళు మా ప్రాజెక్టు పేరును యథాతథంగా ఇన్వాయిస్ వివరణలో ముద్రించారు. అందులో 'వింటేజ్ పీసీ' అనే మాటలున్నాయి. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ల దిగుమతికి అనుమతి కావాలన్నది నిజమే, నియమం తప్పు కాదు. కానీ నావి కంప్యూటర్లు కావు, వాడినవి అసలే కావు.

ఫోన్ చేసిన ప్రతిసారీ వేరే మనిషి. ఒకరు అడిగిన కాగితం ఇంకొకరికి తెలియదు. బ్యాంకు నుంచి ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చూసే బ్యాంకు శాఖ నంబరు) లెటర్ తెమ్మన్నారు, తెచ్చాక దాని ఊసే లేదు. నేరుగా క్లియరెన్స్ కౌంటరు దగ్గరికి వెళితే అక్కడున్న పెద్దాయన నా ఫైలు పైకెత్తి 'వింటేజ్ పీసీ' అన్న మాటను పక్కవాళ్ళకు వినిపించేలా చదివాడు. "ఈ-వేస్ట్ బిజినెస్సా మీది?" అని ఇంగ్లీషులో అడిగాడు. లైనులో నిలబడ్డవాళ్ళంతా నావైపే చూశారు. ఫ్యాక్టరీ పంపిన ఫోటో ప్రింటు ఆయన ముందు పెట్టాను. పచ్చటి ఫైబర్ ముక్క. ఒక్క చిప్పు లేదు, ఒక్క తీగ లేదు, వందల రంధ్రాలు కళ్ళల్లా తెరుచుకుని ఉన్నాయి. "ఒక్క చుక్క సాల్డర్ అంటుకోని బోర్డును ఎవరు వాడి ఉంటారు సార్?" అన్నాను. ఫోటో వైపు చూడకుండానే "సర్టిఫికెట్ తెండి" అని ఫైలు వెనక్కి తోశాడు. ఇరవై ఏళ్ళుగా ఈ బోర్డులతోనే బతుకుతున్నవాడిని పాత సామాను వ్యాపారి కింద కట్టేశాడు. ఆ మాట మర్చిపోలేను.

దారి చూపింది ఆ ఆఫీసులోనే పనిచేసే కదిరి వైపు కుర్రాడు. బయటికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు: "అన్నా, సర్టిఫికెట్ కోసం తిరగొద్దు. ఆ వివరణ ఉన్నంతవరకు మీ సరుకు యూజ్డ్ గూడ్స్ కిందికే పోతుంది. సప్లయర్ చేత ఇన్వాయిస్ మార్పించి, కొత్తవేనని లెటర్ ఇప్పించండి." అలాగే చేశాను. కొత్త ఇన్వాయిస్‌లో ఇలా రాయించాను: ఖాళీ ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డులు, కొత్తవి, విడిభాగాలు బిగించనివి, రెండు లేయర్ల ఎఫ్‌ఆర్4, 1.6 మిల్లీమీటర్లు, 50 సంఖ్య, ఒక్కోదాని ధర, 85340000. దానితో క్లియర్ అయింది. మీరు ఆర్డరిచ్చేటప్పుడే ఈ వివరణ ఫ్యాక్టరీకి పంపండి. ఫైలు పేరులో కూడా రెట్రో, వింటేజ్, పాత అనే మాటలు పెట్టొద్దు. వాళ్ళే ఆపి ఉంచిన రోజులకు గోడౌన్ అద్దె మాత్రం నా దగ్గరే వసూలు చేశారు. ఎక్కువ తీసుకున్న ఆ పది శాతం అక్కడికే పోయింది.

చిప్పుల విషయంలో బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్ మీద కొంత నమ్మకం ఉంచుకోవచ్చు, అన్నిటికీ కాదు. 40 పిన్నుల హెడర్లు, డిప్ స్విచ్‌లు, చిప్పుకొకటి చొప్పున 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఐసీ సాకెట్లు అక్కడే కొనండి. టీటీఎల్ అనే లాజిక్ చిప్పులు అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తీసుకోండి: అడ్రసు పోల్చే 688, డేటా బఫర్ 245, ఐడీఈ వైపు 16 బిట్లలో ఎక్స్‌టీ బస్సుకు పట్టని పై 8 బిట్లను పట్టి ఉంచే 573, ఇలాంటివి. అసలు చిక్కు బయోస్ రాసిపెట్టే 28సీ64 ఈఈప్రోమ్ చిప్పుతో. చవకగా దొరికేవి పాత బోర్డుల నుంచి పీకి, పైన మళ్ళీ అచ్చువేసినవి. వాటిలో కొన్నిటికి రాత రక్షణ ఆన్‌లో ఉంటుంది, ప్రోగ్రామర్‌లో ముందు దాన్ని తీయాలి. కొన్ని రాసినట్టే నటించి వెరిఫైలో తప్పుతాయి. టీఎల్866 ప్రోగ్రామర్ మీద ప్రతి చిప్పునూ రాసి, వెరిఫై చేసి, కాసేపాగి మళ్ళీ చదివాకే కవర్లో వేశాను. నా చేతి నుంచి వెళ్ళిన ఒక్క చిప్పూ తిరిగి రాలేదు.

బయోస్ ఫైలును దించుకున్నది దించుకున్నట్టే రాస్తే కార్డు కనిపించదు. రోమ్‌లోని (ఆ చిప్పులోని) బైట్లన్నీ కూడితే వచ్చే మొత్తంలో చివరి బైటు సున్నా కావాలి, లేకపోతే మదర్‌బోర్డు దాన్ని వదిలేస్తుంది. బయోస్‌ను సెట్ చేసే ప్రోగ్రాం ఎక్స్‌టీఐడీఈసీఎఫ్‌జీని డాస్‌బాక్స్‌లో (ఇప్పటి పీసీలో డాస్ నడిపే సాఫ్ట్‌వేర్) నడిపి, పోర్టు 300, కార్డు రివిజన్ సరిచూసి, చెక్‌సమ్‌తో సేవ్ చేసిన ఫైలే రాయాలి. 8088 ప్రాసెసర్ ఉన్నవాళ్ళకు ఎక్స్‌టీ బిల్డ్, ఎన్‌ఈసీ వీ20 వేసుకున్నవాళ్ళకు ఎక్స్‌టీ ప్లస్ బిల్డ్. రెండోది 8088లో పెడితే మెషీన్ బిగుసుకుపోతుంది. అందుకే చిప్పుల మీద వేర్వేరు రంగుల స్టిక్కర్లు అంటించాను.

రోమ్ అడ్రసు సీ800 వద్దు, డీ000 పెట్టండి. పాత ఎంఎఫ్‌ఎం కంట్రోలర్ ఇంకా స్లాట్‌లో ఉంటే దాని రోమ్ సీ800లోనే కూర్చుంటుంది. ఎన్‌ఈ2000 నెట్‌వర్క్ కార్డు ఉన్నవాళ్ళు దాన్ని 300 నుంచి జరపాలి. ఫ్లాష్ కార్డును విండోస్‌లో ఫార్మాట్ చేసి తేవద్దు, ఆ మెషీన్ మీదే డాస్ ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్ చేయండి. డాస్ 3.3 వాడేవాళ్ళకు ఒక్కో పార్టిషన్ 32 మెగాబైట్లు దాటదు, 6.22 అయితే 2 గిగాబైట్ల వరకు వస్తుంది.

ప్యాకింగ్‌లో చిప్పులను థర్మోకోల్‌లో గుచ్చొద్దు, స్టాటిక్ తగులుతుంది. నల్ల కండక్టివ్ ఫోమ్ వాడండి. మిగిలిన పది బోర్డులు నా దగ్గరే ఉన్నాయి. సాల్డరింగులో రంధ్రం పట్టీ లేపేసుకున్నవాళ్ళకు ముందు ఇస్తాను, ఆ తర్వాతే కొత్తవాళ్ళకు.