వరి కుచ్చు, మూకుడులో నీళ్లు: నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మేము అద్దెకుంటున్న ఇంటి వెనుక ఒక జామచెట్టు, ఒక కరివేపచెట్టు పట్టేంత పెరడు ఉంది. రెండేళ్ల కిందట డిసెంబరులో, తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దరిదాపులకు దిగిన రోజుల్లో, పిట్టలకు తిండి దొరకదేమోనన్న జాలితో ప్రహరీగోడ మీద రోజూ పిడికెడు నూకలు చల్లడం మొదలుపెట్టాను.

వారం తిరగకుండానే గోడ నిండా పావురాలు చేరాయి. పిచ్చుక ఒక్కటీ రాలేదు. పై వాటాలో ఉండే ఇంటి యజమానురాలు కిందికి దిగి వచ్చి, "మా వారికి ఆయాసం ఉందమ్మా, ఆ రెట్ట ఎండి పొడైతే ఆయనకు పడదు" అన్నారు. ఆమె మాట నిజమే. పావురాల రెట్ట ధూళిని ఏళ్ల తరబడి పీలిస్తే, ఆయాసం లేనివారికి కూడా ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. ఆ రోజే గోడ కడిగించి నూకలు మానేశాను.

సంక్రాంతికి భీమవరం వెళ్లినప్పుడు మా పెదనాన్నగారు, వసారా దూలానికి కట్టే వరి కుచ్చులు రెండు అల్లి ఇచ్చారు. ఒకదాన్ని వంటింటి కిటికీకి కడితే అయిదు రోజులు ఏ పిట్టా వాలలేదు. దాక్కోవడానికి ఆకుల చాటు ఉంటే తప్ప పిచ్చుకలు ధైర్యం చేయవని గ్రహించి కరివేపకొమ్మకు మార్చాను. మర్నాడే ఒక మగ పిచ్చుక కంకిని కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, గింజను ముక్కుతో అటూ ఇటూ దొర్లించి, పొట్టు రాల్చి బియ్యం మింగింది. పావురానికి ఆ విద్య రాదు. అది వాలబోతే కుచ్చు గిర్రున తిరిగింది, రెక్కలు టపటపలాడించి వెళ్లిపోయింది. ఉడుత మాత్రం తాడు కొరికి కుచ్చును కింద పడేసింది కనుక తరువాత తీగతో కట్టాను.

నిజానికి గింజల కన్నా నీళ్లకే ఎక్కువ పిట్టలు వచ్చాయి. బెంగళూరులో జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాన దాదాపు ఉండదు. చెట్లు మాత్రం పచ్చగానే ఉంటాయి, పండ్లకూ పురుగులకూ కరువు రాదు. చలికాలంలో హిమాలయాల వైపు నుంచి దిగి వచ్చి తోక ఆడిస్తూ తిరిగే బూడిదరంగు వాగ్‌టెయిల్ పురుగులనే తింటుంది, నా వడ్ల వైపు కన్నెత్తి చూడదు. రెండంగుళాల లోతున్న మట్టి మూకుడులో నీళ్లు పెట్టాక గోరువంకలు, పిగిలిపిట్టలు వరుసకట్టాయి. దోమలు గుడ్లు పెట్టకుండా ప్రతి ఉదయం నీళ్లు పారబోసి, పీచుతో రుద్ది కడుగుతున్నాను.

మార్చికల్లా కుచ్చులు రెండూ అయిపోయినా పిచ్చుకల జంట ఒకటి కరివేపచెట్టును వదల్లేదు. అవి ఆకుపచ్చ గొంగళిపురుగులను ఏరుకుని గోడ సందులోని గూటికి మోసుకుపోతున్నాయి, ఎందుకంటే పిల్లలకు గింజలు కాదు, పురుగులే కావాలి. ఆ పురుగుల కోసమే నేను ఏటా మందు కొట్టేదాన్ని. ఇప్పుడు కొట్టడం మానేశాను. చారు పోపులోకి చిల్లుల ఆకే దూసుకుంటున్నాము.