మూడో సోమవారం

నవంబరు 10, 2025. రాత్రి పదకొండున్నర.

ఇవాళ ఇంట్లో ఇద్దరు ఉపవాసం. అత్తయ్య కార్తీక సోమవారమని, మా పిల్లి బుడమ్మ తినలేక.

పొద్దున నాలుగున్నరకి అత్తయ్య చన్నీళ్ళు పోసుకుంటున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టేలోపు నా పనిగది దగ్గరికి వెళ్ళాను. ఈ మధ్య తలుపు తీసే ముందు ఆగడం అలవాటైంది. లోపల్నుంచి అలికిడి లేకపోతే చెయ్యి గడియ మీదే ఉండిపోతుంది. ఇవాళ తీసేసరికి తోక కొస కదిలింది. సరే, ఈ పూటకి ఉంది.

తర్వాతి పని పైపెదవి ఎత్తి చిగుళ్ళు చూడడం. మా ఇంకో పిల్లి దొర చిగుళ్ళు లేత గులాబీ రంగులో ఉంటాయి. దీనివి నానబెట్టిన బియ్యంలా ఉన్నాయి. నిన్నటి కన్నా తెల్లబడ్డాయా? రోజూ చూసే కళ్ళకి తేడా తెలియదు. అందుకే అమ్ములు రోజూ ఏడింటికి, కిటికీ పక్కన, ఒకే వెలుతురులో ఫొటో తీస్తోంది. స్కూలు బస్సు కోసం పరిగెత్తే పిల్ల ఇది మాత్రం మానదు. పేరు పెట్టింది అదే కదా.

ఆ పేరు సంగతి ఎక్కడా రాసినట్టు లేదు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మేం పై అంతస్తులో ఉన్నాం కాబట్టి బతికిపోయాం. నీళ్ళు మెట్ల సగం దాకా వచ్చి ఆగాయి. మూడో రోజు, డ్రోన్లు భోజనం పొట్లాలు జారవిడుస్తున్నాయని అందరం డాబా మీద చేరి ఆకాశం కేసి చూస్తుంటే, అమ్ములు ఒక్కత్తే కిందికి చూసింది. వీధిలో ఎవరిదో ఫ్రిజ్ వెల్లకిలా తేలుతూ వచ్చి మా గోడకి ఆనుకుంది. దాని మీద అరచేతి అంత పిల్లికూన. మా ఆయన మెట్ల మీద నడుం లోతు నీళ్ళలో దిగి పుల్లలాంటి ఆ ప్రాణాన్ని తెచ్చారు. బుడమేరులో దొరికింది కాబట్టి బుడమ్మ. కిందటి నెల మొంథా తుఫాను అని టీవీలో చెప్పగానే వీధంతా సామాన్లు మంచాలెక్కిస్తుంటే, ఇది మంచం కిందికి దూరి రెండు రోజులు రాలేదు. వాన భయం అనుకున్నాం. అప్పటికే జ్వరం.

అసలు ముందే తెలుసుకోవాల్సింది. ఎండాకాలంలోనే వంటింటి గోడ నాకడం మొదలుపెట్టింది. సిమెంటు రాలిన చోటే వెతుక్కుని మరీ నాకేది. చిన్నప్పుడు పలకబలపం తినే పిల్లల్ని గుర్తు చేసుకుని నవ్వుకున్నాం, వీడియోలు కూడా తీశాం. రక్తం తగ్గిన పిల్లులు మట్టీ సిమెంటూ నాకుతాయని ఇప్పుడు తెలిసింది. మొదట చూపించిన చోట బల్ల మీద పెట్టగానే నట్టల మందు రాసి పంపేశారు. నోరు తెరిచి చూడను కూడా లేదు. మూడు వారాలు ఆ మందుతోనే పోయాయి. ఇప్పుడు చూస్తున్న డాక్టరమ్మ ముందు పెదవి ఎత్తారు. తర్వాత మాట్లాడకుండా రక్తం తీశారు.

ఆ పరీక్ష కొవిడ్ కిట్టు లాంటిదే. ఒక చుక్క రక్తం, పది నిమిషాలు, రెండు గీతలు. కొవిడ్‌కి రెండు గీతలొస్తే పద్నాలుగు రోజులు గదిలో ఉండమనేవాళ్ళు. దీనికి ఎన్ని రోజులని అడిగాను. "ఉన్నన్నాళ్ళూనండీ" అన్నారావిడ. ఒక కిట్టుతో నమ్మకూడదని ల్యాబుకి కూడా పంపారు. అక్కడా అదే వచ్చింది. ఫెల్వ్ అంటారు, పిల్లుల్లో వచ్చే లుకేమియా వైరస్. ఎదురింటి వదినగారికి నేను "బ్లడ్ క్యాన్సర్ లాంటిది" అని చెప్పి తప్పు చేశాను. "మనకంటుకోదు కదా?" అని అప్పట్నుంచీ గుమ్మం దాటి లోపలికి రారు. మనుషులకి రాదు, కుక్కలకి రాదు, పిల్లి నుంచి పిల్లికే, అదీ లాలాజలంతో, ఒకదాన్నొకటి నాక్కుంటే, ఒకే గిన్నెలో తింటే, కరుచుకుంటే, తల్లి నుంచి కూనకి. నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి "అయినా జాగ్రత్త మంచిది కదండీ" అన్నారు. పోనీలే, రాకపోతే గచ్చు తుడిచే పని తగ్గింది.

ఏడాది పాటు ఒకే గిన్నెలో తిని, మెడలు నాక్కుని, ఒకదాని మీద ఒకటి పడుకున్న దొరకి మాత్రం పరీక్షలో రాలేదు. పెద్ద పిల్లుల ఒంట్లోకి ఈ వైరస్ వెళ్ళినా కొన్ని దాన్ని తరిమేస్తాయట, కూనలకే ఆ శక్తి తక్కువట. వాడికి ఇంకోసారి చేయించాలి. అందాకా బుడమ్మ నా పనిగదిలో, వాడు మిగతా ఇంట్లో. మనం ఇక్కడ మామూలుగా వేయించే మూడు జబ్బుల టీకాలో ఈ లుకేమియా లేదని కూడా ఇప్పుడే తెలిసింది. టీకా కార్డు చూసి ధీమాగా ఉన్నదాన్ని.

ఎనిమిదింటికి మందులు. డాక్సీ అనే యాంటీబయాటిక్ బిళ్ళ మింగించాక సిరంజితో నీళ్ళు పట్టాల్సిందే. ఆ బిళ్ళ పిల్లి గొంతులో నిలిచిపోతే అన్నవాహిక పుండై మూసుకుపోతుందట. తర్వాత ఆకలి పుట్టించే మందు. అది నిజానికి మనుషులకి దిగులు తగ్గడానికిచ్చేది, మామూలు మెడికల్ షాపులోనే దొరుకుతుంది. పదిహేను మిల్లీగ్రాముల బిళ్ళని ఎనిమిది ముక్కలు చేయాలి. బ్లేడుతో కోస్తే ఆరు ముక్కలూ కాస్త పొడీ వస్తాయి. కొనడానికి వెళ్ళినప్పుడు షాపబ్బాయి "పేషెంటు పేరు?" అన్నాడు. "బుడమ్మ" అన్నాను. "వయసు?" "ఏడాదిన్నర లోపు." తలెత్తి చూశాడు. చీటీ మీద డాక్టరు ముద్ర చదివి నవ్వు ఆపుకుంటూ బిల్లులో బుడమ్మ అనే కొట్టాడు. ఆ బిల్లు దాచాను.

ఈ పిల్లి తినాలంటే కోడిమాంసం ఉడికించిన నీళ్ళు కావాలి. ఇంట్లో చూస్తే కార్తీకం. నెలంతా నీచు లేదు, ఉల్లీ వెల్లుల్లీ లేదు. మొదటి వారం అత్తయ్యకి చెప్పలేక మేడ మీద పాత ఒంటి పొయ్యి పెట్టి, గుట్టుగా వండి, తల స్నానం చేసి కిందికి దిగేదాన్ని. వాసన దాగుతుందా! నాలుగో రోజు ఆవిడే మెట్ల కింద నిలబడి "అమ్మాయ్, దాంట్లో ఉల్లిపాయ వేస్తున్నావా?" అన్నారు. నాకు గుండె జారింది. "లేదత్తయ్యా" అన్నాను. "వెయ్యకు. పిల్లికి ఉల్లి పనికిరాదట, రక్తం విరిచేస్తుందట, అమ్ములు చదివి చెప్పింది" అని లోపలికి వెళ్ళిపోయారు. అంతే. అప్పట్నుంచి పొయ్యి మేడ మీదే, గుట్టు మాత్రం లేదు. ఆ మాటకొస్తే పిల్లున్న ఇంట్లో నీచు లేని నెలంటూ ఉండదు.

ఇవాళ ఆ నీళ్ళు వాసన చూసి మొహం తిప్పుకుంది. వేడి చేసి మళ్ళీ పెట్టాను. చెంచాతో మూతికి రాశాను. రాసింది కూడా నాక్కోలేదు.

పది నుంచి ఒంటిగంట దాకా ప్రూఫులు. ఏలూరు రోడ్డు నుంచి వచ్చిన ఇంటర్ సెకండియర్ జువాలజీ గైడు. నా ప్రారబ్ధం, ఇవాళ వచ్చింది రక్తప్రసరణ పాఠం. ఎర్ర రక్తకణం ఆయుష్షు 120 రోజులు అనాల్సిన చోట 12 రోజులు అని పడింది. సున్నా చేర్చాను. అది మనుషుల లెక్క. పిల్లి ఎర్రకణం డెబ్భై రోజులుంటుంది. ఎముకల్లోని మూలుగ ఎప్పటికప్పుడు కొత్తవి చేస్తుండాలి. దీనికి వైరస్ ఆ మూలుగలోనే కూర్చుంది. డాక్టరమ్మ మా వీధికి తగ్గట్టు చెప్పారు: "తొట్టికి చిల్లి పడలేదండీ. కుళాయే రావట్లేదు." సన్నటి గాజు గొట్టంలో రక్తం పోసి గిర్రున తిప్పితే ఎర్రది అడుక్కి దిగుతుంది. గొట్టంలో అది నూటికి ముప్ఫై పైన ఉండాలి. మొదటిసారి పద్నాలుగు. కిందటి వారం పదిహేడు. మళ్ళీ ఎల్లుండి.

పద్నాలుగు ఉన్నప్పుడే రక్తం ఎక్కించే మాట వచ్చింది. దొర అయిదు కేజీలుంటాడు, జబ్బు లేదు, గ్రూపు కలిస్తే వాడిదే తీసుకోవచ్చన్నారు. తలుపుకి అటొకళ్ళూ ఇటొకళ్ళూ కూర్చున్న వీళ్ళని ఆ విధంగా కలపొచ్చని ఆశపడ్డాను. ఎన్నాళ్ళు పనిచేస్తుందని అడిగితే, "కొన్ని వారాలు. కుళాయి రాకపోతే మళ్ళీ పొయ్యాలి" అన్నారు. వాడికి మత్తిచ్చి మెడ దగ్గర సూది గుచ్చాలి. మా ఆయన ఆటోనగర్ షాపు నుంచి ఫోనులో అన్నీ విని "నువ్వు ఎలా అంటే అలా" అన్నారు. ఆ మాట కన్నా వద్దని కసిరితే బావుండేది. వద్దనుకున్నాను. తర్వాత పదిహేడుకి వచ్చింది కాబట్టి నేను చేసింది సరైనదని కాదు. ఎల్లుండి పన్నెండు వస్తే తప్పనీ కాదు. అయినా రాత్రిళ్ళు ఈ లెక్కే వేసుకుంటుంటాను. డబ్బు లెక్క వేరే. నూట యాభై పేజీలు దిద్దితే ఒక రక్తపరీక్ష. ఆయనకి సగమే చెప్పాను. ఆయనకి తెలుసని నాకు తెలుసు.

మధ్యాహ్నం పట్టుకుంటే ఒళ్ళు కాలుతోంది. నూట నాలుగు. ఎదురింటి వదినగారు గుమ్మంలోంచే "సగం డోలో వెయ్యండి పాపం" అన్నారు. పాపమే మరి. ఆ సగం బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి. పారాసెటమాల్‌ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, రక్తం చాక్లెట్ రంగుకి మారిపోతుంది. ఆవిడ మీద కోపం రాలేదు. నెల కిందట నాకూ తెలియదుగా. డాక్టరమ్మకి ఫోను చేస్తే తడిగుడ్డతో పాదాలూ చెవులూ తుడుస్తూ, సాయంత్రం సెలైను ముందుగా ఎక్కించమన్నారు.

ఆ సెలైను పని నాకు వస్తుందని ఎవరైనా కిందటేడు చెబితే నమ్మేదాన్ని కాదు. సూదిదారం గుచ్చుకుంటేనే తల తిరిగే మనిషిని. ఆర్‌ఎల్ అనే ఆ సెలైను సీసాని గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట ఉంచాలి. చల్లగా వెళ్తే వణుకుతుంది. తర్వాత కిటికీ ఊచకి వేలాడదీయాలి. గొట్టంలో గాలి లేకుండా చుక్కలు వదలాలి. రెండు భుజాల మధ్య చర్మం పైకి లాగితే చిన్న గుడారంలా లేస్తుంది. సూది ఆ గుడారంలోకి వెళ్ళాలి గానీ అవతలి గుడ్డలోంచి బయటికి రాకూడదు. మొదటిసారి అలాగే వచ్చి నా చీరంతా తడిసింది. ఇవాళ ఒక్క పోటుకే దిగింది. చర్మం కింద నీళ్ళు నిమ్మకాయంత బుడిపెలా చేరి, మెల్లగా కుడికాలి వైపు జారింది. అరవై మిల్లీలీటర్లు దాటొద్దన్నారు. రక్తం పల్చగా ఉన్నప్పుడు ఎక్కువైతే గుండె మోయలేదట. నేను గీతలు లెక్కపెడుతుంటే బుడమ్మ నా మోచేతి మీద గడ్డం ఆనించి ఊరుకుంది. పెనుగులాడితేనే నాకు నయం. ఊరుకుంటే భయం.

ఆ మధ్య డాక్టరమ్మ ఇంకో మాట కూడా మెత్తగా అన్నారు, మరీ బాధపడే రోజొస్తే నిద్రపుచ్చొచ్చని. ఈ వైరస్ ఒంట్లో నిలిచిపోయిన పిల్లులు ఎక్కువభాగం మూడేళ్ళలోపే పోతాయట. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య చాలాసేపు పలకలేదు. "పిల్లిని చంపితే కాశీకి పోయి బంగారు పిల్లిని దానమివ్వాలంటారు" అన్నారు. కాసేపాగి, "బాధపెట్టి ఉంచుకున్నవాళ్ళు ఏమివ్వాలో మాత్రం ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆవిడ ఏ పక్కన ఉన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సాయంత్రానికి నూట రెండున్నర. శివాలయానికి వెళ్ళొచ్చి, చుక్కలు చూసి, అత్తయ్య విస్తరి ముందు కూర్చునేసరికి ఏడు. జబ్బుపిల్లి గది తలుపు నేను సరిగ్గా వెయ్యలేదు. దొర మేడ మీద ఉన్నాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇన్నాళ్ళ కాపలా ఆ ఒక్క పూటతో పోయేది. బుడమ్మ గోడ పట్టుకుని నడిచినట్టు నడుచుకుంటూ వచ్చి అత్తయ్య పక్కన కూలబడింది. ఆవిడ ఉదయం నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకుండా, పెరుగు గిన్నెలో వేలు ముంచి దాని మూతి దగ్గర పెట్టారు. నాకింది. గరుకు నాలుక చప్పుడు నాకు వంటింట్లోకి వినపడింది. పొద్దున డాక్సీ వేసి చాలాసేపైంది కాబట్టి పెరుగు ఫరవాలేదు, మందుతో కలిపి పెడితే మందు పట్టదు. అదీ చెప్పబోయి మానుకున్నాను.

మేడ మీద పొయ్యి, కోడి, తల స్నానాలు, ఇన్ని చేస్తే చివరికి కార్తీక సోమవారం చెల్లించింది. ఆవిడ చెయ్యి కడుక్కుని మళ్ళీ విస్తరి ముందుకొచ్చారు.

పాత గైడు అట్ట వెనక లెక్క: బరువు రెండుం పావు. జ్వరం 104, తర్వాత 102.5. ఆర్‌ఎల్ 60. కోడినీళ్ళు సున్నా. పెరుగు, రెండు చెంచాలుంటుంది.

రాస్తుండగానే అరుపులు మొదలయ్యాయి. ఆకలి మందుకి ఇలా అర్థరాత్రి గొంతెత్తడం ఉందిలే. దొర తలుపుకి ఇవతల కూర్చుని జవాబిస్తున్నాడు. ఆయన దుప్పటి ముసుగులోంచి "ఏదో ఒకటి పెట్టవే" అంటున్నారు. కోడినీళ్ళు వేడి చేసి చూస్తాను. పొయ్యి మేడ మీదుంది.