ఆ కాగితం మీద నా సంతకం

నాన్న పోయి ఏడాదిన్నర. మాసికాలు, సంవత్సరీకం అన్నీ అయిపోయాయి కానీ ఒక కాగితం సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఈమధ్య కారుణ్య మరణం మీద ఎవరు మాట్లాడినా నాకు ఆ కాగితమే గుర్తొస్తోంది, అందుకే రాస్తున్నా.

నాన్నకి మెదడులో రక్తనాళం చిట్లింది. 19 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఐసీయూలోకి రోజుకి ఒక్కరినే, పది నిమిషాలు పంపేవాళ్లు. కుడి చెయ్యి ఒక్కటే కదిలేది, దాన్ని గాజుగుడ్డతో మంచం కడ్డీకి కట్టేశారు. "గొట్టం పీకేసుకుంటున్నారమ్మా, అందుకే" అంది నర్సమ్మ, పాపం ఆ పిల్ల తప్పేం లేదు. గుడ్డ ఒరుసుకుని మణికట్టు ఎర్రగా కందిపోతే, ముడి కాస్త వదులు చేసి కింద దూది పెట్టేదాన్ని. మర్నాడు వెళ్లేసరికి ముడి మళ్లీ బిగుసుకుని ఉండేది. ఊళ్లో ఎవరో ఇలాగే నెల రోజులు ఆసుపత్రిలో ఉండి పోయినప్పుడు నాన్న "నన్నలా ఉంచకండే అమ్మాయ్" అన్నారు. వీధి అరుగు మీద కూర్చుని ఏదో మాటల్లో అన్న మాట అది, దానికి సాక్ష్యం నేనొక్కదాన్నే.

ఇక కోలుకోవడం కష్టమని డాక్టర్ గారు చెప్పిన రోజు నేనా మాట బయటపెట్టాను. మా మేనత్త భోరుమంది. "మా అన్నయ్యని చేతులారా చంపుకుంటారా?" అని. అమెరికాలో ఉన్న అన్నయ్య ఫోన్‌లో "ఏ చిన్న ఛాన్స్ ఉన్నా వదలొద్దు" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. చివరికి అందరం ఒక మాట మీదకి వచ్చి వెంటిలేటర్ తీసేయమని అడిగితే "అది మేం చేయకూడదండీ, లీగల్‌గా ప్రాబ్లం, కావాలంటే మీరే ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. సంతకానికి ఇచ్చిన కాగితంలో ఏముందంటే, వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టప్రకారం పేషెంట్‌ని తీసుకెళ్తున్నామని. సలహా వాళ్లది, సంతకం నాది.

రెండు గంటల దారి. ఆంబులెన్స్‌లో ఒక కుర్రాడు చేత్తో ఆంబూ బ్యాగ్, అంటే ఊపిరి అందించే రబ్బరు సంచి, నొక్కుతూనే ఉన్నాడు, అలసిపోతే చెయ్యి మార్చుకుని మళ్లీ నొక్కుతున్నాడు. మా ఊరి రైల్వే గేటు పడి పావుగంట ఆగిపోయాం. ఇంటికొచ్చి చాప మీద పడుకోబెట్టాక గొట్టం తీశాడు. ఆ తర్వాత 50 నిమిషాలు నాన్న గొంతులో గురగురమని ఒకటే శబ్దం. అమ్మ తులసి నీళ్లు పోస్తే అవి పెదవుల పక్క నుంచి కారిపోయాయి. ఆయాసం తగ్గించడానికి మందులున్నాయని తర్వాత తెలిసింది. ఆ వేళ మా దగ్గర ఏ మందూ లేదు, ఇచ్చే మనిషీ లేడు.

నాన్న పోయాకే చట్టం గురించి చదివాను, ముందే చదివి ఉండాల్సింది. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973లో ఘోరమైన దాడి జరిగింది, అప్పటి నుంచి 2015లో పోయేదాకా 42 ఏళ్లు ఆవిడ మంచం మీదే ఉన్నారు. ఆవిడ కేసులోనే 2011లో సుప్రీంకోర్టు, బతికించే చికిత్సను ఆపడానికి మొదటిసారి దారి ఇచ్చింది, కానీ ఆవిడ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆవిడని చూసుకుంటున్న నర్సులే వద్దన్నారు. ఆ నర్సుల మాట చదివి చాలాసేపు ఏమీ తోచలేదు నాకు. అన్నేళ్లు ఒళ్లు తుడిచి, అన్నం తినిపించిన చేతులు వద్దంటుంటే బయటివాళ్లం చంపేయడమే దయ అని ఎలా అంటాం?

మన హైదరాబాద్‌లోనూ 2004 డిసెంబరులో ఒక కేసు నడిచింది. కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న 25 ఏళ్ల కుర్రాడు, చదరంగం బాగా ఆడేవాడు, తన అవయవాలు పనికొచ్చేలా ఉండగానే పోనివ్వమన్నాడు. వాళ్లమ్మ హైకోర్టుకు వెళ్లింది. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది, ఆ వెంటనే అతను పోయాడు.

పేపర్లలో అన్నింటికీ కారుణ్య మరణం అనే ఒక్క మాటే వాడేస్తారు. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం వేరు, నెదర్లాండ్స్‌లో 2002 నుంచి చట్టప్రకారమే డాక్టర్లు ఆ పని చేయొచ్చు, మన దేశంలో అది నేరం. నేనూ దానికి ఒప్పుకోను. ఇక పనిచేయని చికిత్సను ఆపి, జబ్బునే తన దారిన పోనివ్వడం వేరు. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నది ఈ రెండోదాన్నే, మనిషి స్పృహలో ఉన్నప్పుడే లివింగ్ విల్, అంటే రేపు నాకిలాంటి చికిత్స వద్దని చెప్పే కాగితం, రాసుకోవచ్చని కూడా చెప్పింది. అప్పట్లో దానికి మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, ఎవరికి కుదురుతుంది? 2023 జనవరిలో దాన్ని మార్చి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నారు. చికిత్స ఆపేముందు ముగ్గురు డాక్టర్ల బోర్డు ఒకటి చూడాలి, దాని మీద ఇంకో ముగ్గురి బోర్డు చూడాలి, ఒక్కోటీ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. విల్ లేకపోయినా ఇంట్లోవాళ్ల ఒప్పుకోలుతో ఇదే పద్ధతి నడుస్తుంది. అంటే నాన్నకి ఆ ఆసుపత్రిలోనే, మందు ఇచ్చి, గురగుర లేకుండా, మేం పక్కన కూర్చుని ఉండగానే చేసి ఉండొచ్చు. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

దీన్ని వద్దనేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది, ఆస్తి కోసమో ఖర్చు తప్పించుకోవడానికో ముసలివాళ్లని వదిలించుకోరా అని. రోజుకి ఎంత బిల్లయ్యేదో నాకు గుర్తుంది, అరెకరం అమ్మకానికి పెట్టిన సంగతీ గుర్తుంది. మా నిర్ణయంలో డబ్బు లేనే లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. అందుకే ఆ రెండు బోర్డులు కావాలంటున్నా. ఎవరూ అడగని, ఎవరూ చూడని ఆంబులెన్స్ దారి కంటే, ఆరుగురు డాక్టర్లు చూసి రాసే కాగితం ముసలివాళ్లకి ఎంతో కాపలా. దాంతోపాటు నొప్పి తగ్గించే వైద్యం కూడా ఉండాలి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో దానికి ప్రత్యేక విభాగం ఉంది, మార్ఫిన్ ఇచ్చి బాధ తగ్గిస్తారు. అలాంటిది ప్రతి ఊరి దగ్గర్లోనూ ఉంటే, చంపేయమని వేడుకునేవాళ్లలో ఎంతమంది ఆ మాట వెనక్కి తీసుకుంటారో.

పోయిన నెల అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని భయపడుతూనే అడిగాను, నీకు అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయమంటావని. తిడుతుందనుకున్నా. చేతిలో కాయ పక్కన పెట్టి "నా చేతులు కట్టనివ్వకు" అంది. కాసేపాగి "ఆ గురగుర కూడా వద్దే, దానికేదో మందుందన్నావుగా, అది రాయించు" అంది. సోమవారం నోటరీ దగ్గరికి వెళ్తున్నాం. సాక్షి సంతకానికి మేనత్త కూడా వస్తానంది.