పడవలోంచి ఒకరిని తోసేయొచ్చా?

ఇస్లామిక్ పండితుడు అల్-గజాలీ 1109లో పూర్తిచేసిన ధర్మశాస్త్ర సూత్రాల గ్రంథం 'అల్-ముస్తస్ఫా'లో చాలామంది తడబడేది ఖియాస్ (తెలిసిన తీర్పును పోలికతో కొత్త సంగతికి వర్తింపజేయడం) దగ్గరే. పైకి తేలిగ్గానే ఉంటుంది. భాగాలు నాలుగే: మూల సంగతి, కొత్త సంగతి, రెండింటినీ కలిపే కారణం (ఇల్లత్), తీర్పు. ద్రాక్షసారా నిషిద్ధం. దానికి మత్తే కారణమైతే ఖర్జూరపు సారా కూడా నిషిద్ధమే.

పేచీ అంతా ఆ 'కారణం' అన్న మాటతోనే. గజాలీ అష్అరీ అనే ఇస్లామిక్ తాత్విక సంప్రదాయానికి చెందినవాడు. ఆ సంప్రదాయంలో మంచిచెడ్డలను బుద్ధి తనంతట తాను తేల్చలేదు, దేవుడి ఆజ్ఞను ఏ ప్రయోజనమూ బంధించదు. మంచిచెడ్డలను బుద్ధే తేల్చగలదనే ప్రత్యర్థి వర్గం ముతజిలీలకు ఈ చిక్కే లేదు. మరి 'మత్తు వల్ల నిషేధం' అని ఒక అష్అరీ ఎలా అంటాడు? మత్తు నిషేధాన్ని పుట్టించదు, దానికి గుర్తు మాత్రమే, ఆ గుర్తును పెట్టింది దేవుడే అంటాడు. దూదిని కాల్చేది నిప్పు కాదు, దేవుడే అని వాదించిన మనిషి కదా, ఇక్కడా అదే పట్టు!

పోల్చడానికి మూల సంగతే దొరకనప్పుడు, గ్రంథాధారం లేని మేలును (మస్లహత్) బట్టి తీర్పు చెప్పడానికి ఆయన పెట్టిన షరతులు మూడు. అది అత్యవసరం కావాలి, నిశ్చయంగా తెలియాలి, సమాజం మొత్తానికీ చెందాలి. శత్రువు ముస్లిం బందీలను డాలుగా పెట్టుకుని మీదికొస్తే, ఈ మూడూ కుదిరితేనే బాణం వేయొచ్చు. మునిగిపోతున్న పడవలో ఒకరిని తోసేస్తే మిగతావాళ్లు బతుకుతారనుకోండి, అయినా కూడదు. పడవలో ఉన్నవాళ్లు సమాజం మొత్తం కాదు. చీటీలు వేసి ఎంచుదామన్నా, దానికి ఆధారం లేదంటాడు.