నాకు సగం మోతాదే పూర్తి మోతాదు

పెద్దపేగులోని మూడో దశ క్యాన్సర్ గడ్డను శస్త్రచికిత్స చేసి తీసేసిన ఆరు వారాలకు నాకు కీమో మొదలుపెట్టారు. మొదటి రోజు నరంలోకి ఆక్సాలిప్లాటిన్ ఎక్కించారు. ఆ రోజు నుంచి పద్నాలుగు రోజుల పాటు ఉదయం నాలుగు, రాత్రి నాలుగు కేపసైటబిన్ మాత్రలు వేసుకుని, ఒక వారం ఆగి, మళ్లీ అదే వరుస మొదలుపెట్టాలన్నారు. మోతాదు లెక్కకట్టడానికి నా ఎత్తు కొలిచారు, బరువు చూశారు, మూత్రపిండాలకూ కాలేయానికీ పరీక్షలు చేశారు. ఆ మాత్రల మందును నా శరీరం ఎంత వేగంగా వదిలించుకోగలదో మాత్రం ఎవరూ చూడలేదు.

ఐదు రోజులు బాగానే గడిచాయి. చల్లని గ్లాసు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి గాని, ఆక్సాలిప్లాటిన్ వల్ల అలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. ఆరో రోజు రాత్రి నాలుక అంచున చిన్న పుండు లేచింది. ఎనిమిదో రోజుకు పెదవుల లోపలి పొర ఊడిపోయి, గోరువెచ్చని నీళ్లు కూడా నిప్పులా తగిలేవి. చెంచా అంచు పెదవికి తాకకుండా నా భార్య ఒక్కొక్క చుక్కే నోట్లో వేసేది. విరేచనాలు రోజుకు పది దాటాయి. అయినా నేను మాత్రలు మానలేదు. కీమో అంటే ఇలాగే ఉంటుందని, ఓర్చుకోలేకపోవడం నా బలహీనతేనని అనుకున్నాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. మామూలు కంటే రోజుకు నాలుగు విరేచనాలు ఎక్కువైనా, తినడానికి వీల్లేనంతగా నోరు పూసినా, ఆ పూటే మాత్రలు ఆపి వైద్యులకు ఫోన్ చేయాలి.

పదో రోజు చలిజ్వరంతో ఆసుపత్రిలో చేరాను. ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్ కణాలు మైక్రోలీటరు రక్తంలో 1500కు పైగా ఉండాల్సింది, నాకు 200కు పడిపోయాయి. పన్నెండు రోజులు సెలైన్, యాంటీబయాటిక్‌లు, తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్లతో గడిచాయి. ఒకే ఒక్క విడతకే ఇంత తీవ్రంగా దెబ్బతినడం చూసి, మా వైద్యురాలు జన్యు పరీక్షకు రక్తం పంపించారు.

ఫలితం వచ్చాక ఆమె మంచం పక్కన కూర్చుని వివరించారు. కేపసైటబిన్ శరీరంలోకి వెళ్లాక ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. క్యాన్సర్ కణాలను చంపేది అదే. అందులో 80 శాతానికి పైగా భాగాన్ని డీపీడీ అనే ఎంజైము, ముఖ్యంగా కాలేయంలో, విరిచేసి బయటికి పంపుతుంది. ఆ ఎంజైమును తయారుచేసే డీపీవైడీ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు ప్రతులుగా వస్తుంది. నా రెండింటిలో ఒకటి సరిగా పనిచేయడం లేదు. అందరికీ ఇచ్చే మోతాదే నాకూ ఇచ్చారు గాని, అది విరగక రక్తంలో నిలిచిపోయి, వేగంగా పెరిగే కణాలున్న చోటల్లా, అంటే నోట్లో, పేగుల్లో, ఎముక మజ్జలో, దెబ్బకొట్టింది. రెండు ప్రతులూ పనిచేయనివారు అరుదు. వారికి ఈ మందు అసలు ఇవ్వకూడదు.

“మీ ఓర్పుకూ దీనికీ సంబంధం లేదండీ,” అన్నారామె. నెల రోజులుగా మోస్తున్న బరువు ఆ మాటతో దిగింది.

రక్తకణాలు కోలుకున్నాక ఉదయం రెండు, రాత్రి రెండు మాత్రలతో మళ్లీ మొదలుపెట్టారు. సగం మందుతో క్యాన్సర్ సగమే పోతుందేమోనన్న భయం నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. మందు నెమ్మదిగా విరిగే శరీరంలో సగం మోతాదుతోనే రక్తంలో దాని పాళ్లు ఇతరులకు పూర్తి మోతాదుతో ఉన్నంతగా ఉంటాయని, తట్టుకుంటే తర్వాత కొంచెం పెంచవచ్చని ఆమె ఓపికగా చెప్పారు. ఈసారి నోట్లో పుండ్లు రెండే లేచాయి, వారంలో మానిపోయాయి.

పక్క మంచం మీది పెద్దాయనకు ఇరినోటెకాన్ అనే మరో కీమో మందు ఇచ్చేవారు. పస్తున్నప్పుడల్లా ఆయన కళ్లు కొద్దిగా పసుపెక్కేవట. ఆ మందును బయటికి పంపే యూజీటీ1ఏ1 అనే మరో జన్యువులోని తేడాయే అందుకు కారణమని తేలి, ఆయనకూ మోతాదు తగ్గించారు.

ఐరోపా మందుల సంస్థ 2020లోనే కేపసైటబిన్, ఫ్లోరోయురాసిల్ మొదలుపెట్టేముందు డీపీడీ పరీక్ష చేయాలని సిఫారసు చేసింది. అయితే డీపీవైడీ జన్యువులో సాధారణంగా వెతికే నాలుగు మార్పులు ఎక్కువగా ఐరోపా మూలాలవారిలో గుర్తించినవి. ఇతర జాతుల్లో వేరే మార్పులూ ఉంటాయి. అందుకే పరీక్షలో ఏమీ లేదని వచ్చినా మొదటి విడతలో జాగ్రత్త తగ్గకూడదు. అయినా ఈ పరీక్ష మొదటి మాత్రకు ముందే జరిగి ఉండాల్సిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చికిత్స ముగిసి రెండేళ్లు దాటింది. స్కాన్లు శుభ్రంగా ఉన్నాయి; వేలికొసల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు, చొక్కా గుండీలు చూసుకుంటూ పెట్టుకోవాలి. తోడబుట్టిన వారికీ ఇదే మార్పు ఉండే అవకాశం సగానికి సగం అని చెప్పడంతో తమ్ముడికీ చెల్లెలికీ పరీక్ష చేయించాను. చెల్లికి లేదు. తమ్ముడికి ఉంది. “అన్నయ్యా, నాకేం జబ్బు లేదు కదా,” అన్నాడు మొదట. ఇప్పుడు ఆ ఫలితం కాగితాన్ని తన రక్తం గ్రూపు కార్డుతో పాటే దాచుకున్నాడు.